కత్తెర ముట్టని ఉన్నిబట్ట

నెలల తరబడి స్వెట్టర్ అల్లి, ఆఖర్న కత్తెర తీసుకుని దాన్ని ఛాతీ నడుమ నిలువునా కోసేసే వాళ్లున్నారు. స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో, నార్వేలో ఇది పాత పద్ధతి. రంగురంగుల నమూనా తప్పిపోకుండా ఉండాలంటే ఎప్పుడూ మంచివైపే కళ్లముందు ఉండాలి. అందుకని ఒంటి భాగమంతా గొట్టంలా గుండ్రంగా అల్లుకుపోతారు. చేతులు, ముందు తెరుపు రావాల్సిన చోట కొన్ని కుట్లు అదనంగా వేసి పట్టీ వదులుతారు. దాని పేరు స్టీక్. అల్లిక ముగిశాక ఆ పట్టీ నడుమ కోసి, అంచులు లోపలికి మడిచి కుడతారు. కుట్లు జారిపోవు. ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి సన్నని పొరలుంటాయి. ఒక వెంట్రుక పొలుసు పక్క వెంట్రుకను పట్టుకుంటే అంత సులువుగా వదలదు. మెషీన్లో ఉతకడానికి వీలుగా పొలుసులు అణిచేసిన ఊలును, లేదా నూలును ఇలాగే కోస్తే మాత్రం కోసిన అంచున కుట్లు జారి ఊడిపోవచ్చు.

అనంతపురంలో గొర్రెలు కాచే కురుబల చేతిలో ఉన్ని వేరే దారి పట్టింది. వాళ్ల ఉన్ని దుప్పటి గొంగళికి మెడ లేదు, చేతులు లేవు, గుండీలు లేవు. కత్తెర ఆడేది గొర్రె ఒంటి మీదే. మగ్గం నుంచి దించేటప్పుడు పడుగు కొసలు కోయడం తప్ప బట్ట జోలికి కత్తెర రాదు. ఆకారమంతా మడతల్లోనే ఉంది. వానొస్తే తలమీదుగా ముసుగు, ఎండైతే నెత్తిన మడత, రాత్రికి పరుపూ అదే, దుప్పటీ అదే.

ఇంత ఎండల సీమలో ఉన్నితో పనేమిటి అనిపిస్తుంది. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండే నేల ఇది. చేను చేతికొస్తుందన్న నమ్మకం లేని చోట గొర్రె ఇల్లు నిలబెట్టింది. కోతలయ్యాక కాపరి ఊరూరా తిరిగి, ఎరువు కోసం రైతుల పొలాల్లో రాత్రిళ్లు మంద వేస్తాడు. అతని పడక ఆరుబయలు. పుష్యమాసపు చలికీ, తుంపరకీ, ముళ్లకీ ఒక్క బట్టే ఆసరా. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియదు. నిప్పురవ్వ పడితే భగ్గున అంటుకోదు, మాడి ఆగిపోతుంది.

నేతలో అసలు నేర్పు మగ్గం ఎక్కకముందే ఉంది. దక్కనీ గొర్రె ఉన్నిని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. నలుపు, బూడిద, తెలుపు విడివిడిగా ఏరిపెట్టుకుంటారు. రంగు అద్దే పనే లేదు. విల్లుతో ఏకాక ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. ఇక గంజి. చింతగింజల పొట్టు తీసి, నూరి, ఉడికించిన గంజిని బారుగా పరిచిన పడుగుకు కుంచెతో పట్టించి ఎండలో ఆరబెడతారు. ఎందుకంటే, షెట్లాండ్‌లో కోసిన అల్లికను కాపాడిన ఆ పట్టుకునే గుణమే ఇక్కడ మగ్గం మీద నేతగానికి శత్రువు. గంజి చాలకపోతే లేచిన వెంట్రుకలు పక్క పోగులతో చిక్కుపడి పడుగు తెగుతుంది. ఎక్కువైతే పోగు పెళుసెక్కుతుంది. ఎంత పట్టించాలో చేతివేళ్లకే తెలియాలి. పేక పడి, బట్ట దిగి, వాడకంలో నలిగాక ఆ వెంట్రుకలే మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుని గొంగళిని బిగిస్తాయి. గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరడమేమిటని సామెత ఎగతాళి చేస్తుంది కానీ, ఆ వెంట్రుకలే లేకపోతే వానలో ఆ బట్టకు విలువెంత?

కురుబలలో పెళ్లికి ఉన్ని కంకణం కట్టేవారు, నూలు కంకణం కట్టేవారు అని రెండు శాఖలున్నాయని దక్షిణ భారత కులాల మీద 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం నమోదు చేసింది. ఉన్ని వాళ్లకు కేవలం సరుకు కాదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు సరుకుగానూ మిగలడం లేదు. మాంసం బాగా పడే నెల్లూరు గొర్రె ఒంటి మీద ఉన్ని ఉండదు. మందలో అది పెరిగే కొద్దీ దక్కనీ గొర్రె తగ్గుతోంది. ఉన్న ఉన్నికి పలికే ధర కత్తిరింపు కూలికే సరిపోకపోతే కాపరి దాన్ని పారేస్తాడు. దానికి తోడు బజారులో చవక అక్రిలిక్ దుప్పట్లు. నేతగాళ్లకు పింఛనో, సంతల్లో స్టాలో ఇస్తే గొంగళి బతుకుతుందనుకోవడం సగం మాటే. మందలో దక్కనీ గొర్రె లేకుండా మగ్గం ఉండి ఏం లాభం? ఆదుకోవడం అక్కడి నుంచి మొదలవ్వాలి.

కొనేవాళ్లకు ఒక చిన్న పరీక్ష. గొంగళి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడయ్యే బూడిద మిగిలితే అది ఉన్ని. కరిగి గట్టి ఉండ కడితే అక్రిలిక్. దానికి గొంగళి ధర ఇవ్వకండి.