కుర్చీలు వేసే మనిషి

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసిన నాటి నుంచీ మనకు గ్రంథాలయమంటే పుస్తకాల బీరువాలే కాదు, నలుగురూ కూడి మాట్లాడుకునే చోటు కూడా. మా శాఖా గ్రంథాలయంలో నెలనెలా కవిత్వ సభ నడిపే పెద్దాయన కవి కాడు. (అదే మంచిదయింది.) పేపర్లు చదివేవాళ్లు లేచాక బల్లలు జరుపుతాడు, కుర్చీలు వేస్తాడు. అసలు పనితనం ఆ తర్వాత. చేయి తిరిగిన కవి నాలుగో కవితకు కాగితం తిప్పబోతే, "అన్నా, టీ చల్లారిపోతోంది" అంటాడు. చివరి వరసలో కాగితం మడతపెట్టుకుని కూర్చున్న అమ్మాయిని మాత్రం వేదిక మీంచి పిలవడు. పక్కన కూర్చుని, "చదువుతావా తల్లీ, నన్ను చదవమంటావా?" అని మెల్లగా అడుగుతాడు. పోయిన నెల తనే చదివింది. గొంతు వణికింది. వినబడాలని ఆయన లేచి ఫ్యాను ఆపేశాడు.