దైవశాస్త్ర పరిశోధనలో అంతర్‌శాస్త్రీయ దృక్పథము: మంథనినుండి ఒక విమర్శ

స్నాతకోత్తర దైవశాస్త్ర విద్యలో ‘అంతర్‌శాస్త్రీయ అధ్యయనము’ అను మాట తరచుగా వినబడుచున్నది. నాలుగు అధ్యాయముల వాక్యవ్యాఖ్యానమునకు చివర ఒక సమాజశాస్త్ర అధ్యాయము అతికించినంత మాత్రాన అది సిద్ధించదని మా అభిప్రాయము.

పి. వై. లూక్, జాన్ బి. కార్మన్ గార్లు 1968లో వెలువరించిన మెదక్ ప్రాంత గ్రామసంఘ పరిశీలన ఇందుకు మేలైన మాదిరి. విశ్వాసుల జీవితములో గ్రామాచారములు ఎంతవరకు నిలిచియున్నవో వారు గ్రామస్థులనే అడిగి వ్రాసిరి. 1959–2009 మధ్య మార్పులపై 2014లో వచ్చిన గ్రంథమునకు కార్మన్ గారితో సహరచయిత చిల్కూరి వసంతరావు గారు. పాత నిబంధన పండితులు. హెబ్రీ చదివినవారు పల్లెబాట పట్టుట మాకు సంతోషము. అయితే రెండును ఆంగ్లమున వెలువడినవి. ఎవరిని గూర్చి వ్రాసిరో, వారిలో ఎందరు చదువగలరు?

ఈ పద్ధతినే ఉత్తరమున మంథనికి తెచ్చి చూతము. గోదావరి ఒడ్డున వేదవిద్యకు పేరొందిన ఊరు. చేరువలోనే సింగరేణి బొగ్గుగనులు. ఇచ్చటి సంఘముపై వ్రాయు ఎం.టి.హెచ్. విద్యార్థికి సంస్కృత విద్యాచరిత్రయు, కులచరిత్రయు, కార్మికచరిత్రయు కావలెను. ఆదివారము ఆరాధనకు ఎవరు రాగలరో గని షిఫ్టు నిర్ణయించుచోట, విశ్రాంతిదినమును గూర్చిన మన వ్యాఖ్యానమే ప్రశ్నకు గురియగును. అట్టి సిద్ధాంత గ్రంథమునకు సెమినరీనుండి ఒకరు, విశ్వవిద్యాలయ చరిత్రశాఖనుండి ఒకరు పర్యవేక్షకులుగా ఉండవలెను. ఒక్కరి సంతకముతో సరిపెట్టుట తగదు.