తుర్రం ఖాన్ ఎవరు?

కోఠి స్టాపు దాటింది సిటీ బస్సు. ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడుతున్నాడో కుర్రాడు. కండక్టరమ్మ ఊరుకుంటుందా? "ఏందిరా, నువ్వేమన్న తుర్రం ఖాన్ అనుకుంటున్నవా? లోపలికి రా!" బస్సంతా నవ్వింది. కుర్రాడు తలొంచుకుని లోపలికొచ్చాడు.

హైదరాబాదులో రోజూ ఎక్కడో ఓ చోట వినిపించే మందలింపే ఇది. అందులోని పేరు మాత్రం ఒక మనిషిది. ఆయన పోరాడింది ఆ బస్టాపుకు కూతవేటు దూరంలోనే.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ కలిసి రొహిల్లా యోధులను వెంటబెట్టుకుని కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద విరుచుకుపడ్డారు. తర్వాతి కాలంలో మహిళా కళాశాల నడిచింది ఆ భవనంలోనే. దాడి ఫలించలేదు. మౌల్వీని అండమాన్ పంపారు. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకున్నాడు. 1859లో తూప్రాన్ దగ్గర ఆయన్ను చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. చూసినవాళ్లు జడుసుకోవాలని చేసిన పని అది. జనం మాత్రం ఆ పేరును తుర్రం ఖాన్‌గా నోట్లో దాచుకున్నారు. ఎగిరెగిరి పడేవాణ్ని "నువ్వేమన్నా తుర్రం ఖానా?" అని నిలదీస్తే, ఆయన ముందు నువ్వెంత అని అడిగినట్టే. వెక్కిరింత ఎదుటివాడికి, గౌరవం ఖాన్‌కు.

వీధి మాటను అలగా మాటని తోసేసేవాళ్లు పోగొట్టుకుంటున్నది ఈ చరిత్రనే.

"బేవార్స్ గాడు" అన్న తిట్టునే చూడండి. వారిస్ అంటే వారసుడు, బే అంటే లేని. వారసులు లేని ఆస్తిని బేవారసు ఆస్తి అనేవారు. కచేరీ కాగితాల మీది ఆ మాటే వీధికొచ్చి, పనీపాటా లేక తిరిగేవాడికి అతుక్కుంది. అడిగే దిక్కులేనివాడన్న బాధ ఆ తిట్టు అడుగున ఇంకా ఉంది. అందుకే అది సూటిగా తగులుతుంది.

ఖతర్నాక్ కథ ఇంకో రకం. ఉర్దూలో ప్రమాదకరం. తెలంగాణలో "బిర్యానీ ఖతర్నాక్ ఉంది" అంటే ఇంకో ప్లేటు చెప్పమని. "వాడు ఖతర్నాక్ గాడు" అన్నప్పుడు మెచ్చుకోలా, హెచ్చరికా? గొంతు వింటేనే తెలుస్తుంది. ఇక పులిహోర. అమ్మమ్మకు అది గుడి ప్రసాదం. కాలేజీ మనవడు "వాడు పులిహోర కలుపుతున్నాడు" అంటే, ఎవరో అమ్మాయిని తీపి కబుర్లతో బుట్టలో వేసుకునే ప్రయత్నంలో ఉన్నాడని.

తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు సి.పి. బ్రౌన్ దొర 1854లోనే ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువు అచ్చువేయించాడు. కచేరీల్లో, బజార్లలో వాడే మాటలకు అందులో చోటిచ్చాడు. ఆ పని ఇప్పుడు వీధి మాటలకూ జరగాలి. అర్థం ఒక్కటే రాస్తే చాలదు. ఎవరు, ఎవరితో, ఏ ఊళ్లో, ఏ గొంతుతో అన్నారో కూడా రాయాలి. తుర్రం ఖాన్ అన్న పదం ఎదుట రెసిడెన్సీ దాడి తేదీ ఉండాలి, తూప్రాన్ ఉండాలి. దాని కిందే ఉదాహరణగా కండక్టరమ్మ కేక, ఫుట్‌బోర్డు మీది కుర్రాడు.