వీరుడికి బరువొస్తే

కాగితం మీది వీరుడికి బరువు ఉండదు. కామిక్ పుస్తకంలో స్పైడర్‌మ్యాన్ గోడకు అంటుకుని తలకిందులుగా వేలాడతాడు, బ్యాట్‌మ్యాన్ మేడ అంచున ముందుకు వంగి నిలబడతాడు. ఇద్దరూ పడరు. అదే వీరుణ్ని ఇంట్లో పాలిమర్ క్లేతో చేయబోతే మొదటి చిక్కు చీలమండల దగ్గరే వస్తుంది. చూసేవాళ్లంతా ముఖం పోలిక పట్టుకుంటారు. నేను మాత్రం ముందు చీలమండలే చూస్తాను. బొమ్మ చేసినవాళ్ల తెలివి అక్కడ తెలుస్తుంది.

ఈ చిక్కును మన వైపు పనివాళ్లు ఏనాడో విప్పారు. కరీంనగర్‌కు దక్షిణాన, ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీలు గుడ్డ మీద కులపురాణాలు గీస్తారు. గజాల పొడవున సాగే పటం, అందులో గడులు గడులుగా కథ. కథకుడు ఒక్కో గడినీ చూపిస్తూ పాడతాడు. పద్మశాలీలకు మార్కండేయుడి కథ, ముదిరాజులకు పాండవుల కథ. గొల్లల వీరుడు కాటమరాజు మాత్రం పటం దిగి నేల మీదికి వచ్చాడు. మందహెచ్చుల వాళ్లు ఆయన కథను బొమ్మలు నిలబెట్టి చెబుతారు. మేత పన్ను పుల్లరి దగ్గర నెల్లూరు ప్రభువు నల్లసిద్ధితో మొదలైన తగవు, ఆ ప్రభువు సేనాని ఖడ్గతిక్కనతో పోరు, గంగమ్మ, ఆవుల మందలు... అన్నీ కలిపి యాభైకి పైగా బొమ్మలు. వాటిని చేసేదీ నకాషీలే.

ఊరూరా మోసుకుపోవాల్సిన బొమ్మలవి. రాతితో చేస్తే మోసేవాడి నడుము విరుగుతుంది. అందుకే పొనికి కర్ర. ఆదిలాబాద్ అడవుల్లో దొరికే ఈ కర్రను చేతిలోకి తీసుకుంటే బరువే అనిపించదు, ఉలికి ఇట్టే లొంగుతుంది. నిర్మల్ బొమ్మలకు పేరు తెచ్చిందీ ఇదే.

కానీ కర్రతో సగం పనే అవుతుంది. మిగతా సగం చింతగింజలది. గింజల్ని నానబెట్టి, నూరి, ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపి పిసికితే చపాతీ పిండిలా సాగే ముద్ద తయారవుతుంది. ఆ బొమ్మల్లో ఏదైనా చేతికి దొరికితే భుజం దగ్గర చూడండి. చెయ్యి వేరే ముక్కగా చెక్కిందే. అతుకు మీద ముద్ద పట్టించి, వేలితో నునుపు చేసి, ఆరనిచ్చి, అరగదీసి, ఆ పైన సుద్దమట్టి పూత వేస్తారు. రంగు పడ్డాక అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. కర్ర బొమ్మకు నిలువునిస్తుంది. ముక్కు, పెదవి, మీసం, తలపాగా మడత, అంటే మనిషిని మనిషిగా గుర్తుపట్టించేవన్నీ, ఆ ముద్దలోంచే వస్తాయి. ఈ పనితనానికి నేను మొక్కుతాను.

ముద్దకు ఒక గుణం ఉంది. నీరు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. మందంగా వేస్తే పగులు ఖాయం. పొట్టు పీచులా పట్టి ఉంచుతుంది కాబట్టి కొంత నయం. అయినా పలచగా వేసి, ఆరాకే ఇంకో పొర వేయాలి. తొందరపడేవాడికి అది లొంగదు.

పాలిమర్ క్లే తీరు వేరు. పీవీసీ పొడి, దాన్ని మెత్తబరిచే నూనెలాంటి ద్రవం, రంగు. అంతే, మట్టి లేదు. ఫిమో పేరుతో 1960ల్లో బజారుకొచ్చిన రకం జర్మనీలో, బొమ్మల తయారీలో పేరుపడ్డ కేటె క్రూజె కూతురి చేతుల్లో రూపుదిద్దుకుంది. గాలికి ఎండదు కాబట్టి ఇవాళ పెట్టిన మీసాన్ని రేపు సరిదిద్దుకోవచ్చు. రకాన్ని బట్టి 110 నుంచి 135 డిగ్రీల వేడిలో కాలిస్తే గట్టిపడుతుంది, దాదాపు ముడుచుకోదు. వేడి మించితే మాడుతుంది, చెడ్డ పొగ వస్తుంది.

ఇంత సుగుణం ఉన్నా దీన్నీ ముద్దగా పోగేస్తే లాభం లేదు. ఓవెన్ వేడికి గట్టిపడేలోపు ముందు మెత్తబడుతుంది, బరువైన ఛాతీ సన్నటి కాళ్ల మీద కుంగిపోతుంది. అందుకని తెలిసినవాళ్లు లోపల తీగతో అస్థిపంజరం కడతారు. ఛాతీకీ తలకీ అల్యూమినియం రేకును ఉండచుట్టి గట్టిగా నొక్కి పెడతారు. కాళ్ల తీగను చీలమండ దాటించి పీటలోకి దింపుతారు. పైన క్లే పలచటి తోలు మాత్రమే. నకాషీ ఇంట్లో పొనికి చేసే పనే ఇక్కడ తీగ, రేకు చేస్తున్నాయి.

కరీంనగర్‌లోనో నిర్మల్‌లోనో పిల్లలెవరైనా పొనికినీ పాలిమర్ క్లేనూ కలిపి చూస్తే బాగుండునని నా కోరిక. బాగా ఎండిన పొనికి ముక్కకు ఆ వేడితో ప్రమాదం లేదు. తడి ఉంటేనే ఆవిరి పైకి తన్ని క్లే బుడగలు లేస్తుంది. కాటమరాజుతోనే మొదలుపెట్టమంటాను. తలపాగా మడతలు, మెలితిరిగిన మీసం, అన్నీ క్లే ఇష్టపడే ఆకారాలే. చేతిలో కత్తి పెడితే మాత్రం దాని లోపలా తీగ ఉండాలి, అది మణికట్టు దాటి మోచేతి దాకా రావాలి.