ప్రయోగశాలయు పల్లెటూరును

విద్యలను వేర్వేఱు గదులలో బంధించి, ఒకదాని మొగము మఱియొకదానికి గానరాకుండ జేయుట విశ్వవిద్యాలయములకు జిరకాలపు టలవాటు. శిల్పి యంత్రము నెఱుగడు. యంత్రజ్ఞుడు మనుష్యు నెఱుగడు. ఈ గోడలను గూల్చుటకై అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున నికొలస్ నెగ్రొపాంటి, జెరోమ్ వీస్నరుగారలు 1985లో దెఱచిన మీడియా ల్యాబు ప్రశంసాపాత్రమే. అచట చిత్రకారుడు, సంగీతజ్ఞుడు, గణితవేత్త యొక్క కప్పుక్రింద పనిచేసిరి. వ్రాసి చూపుటకంటె జేసి చూపుట ఘనమను వారి నియమమును మేము మెచ్చుదుము.

అయినను మా యాక్షేపణ మొకటి కలదు. చేసి చూపుట వేఱు, చేతి కందించుట వేఱు. చూపఱుల చప్పట్లతో ముగిసిన వస్తువు బొమ్మలకొలువులోని బొమ్మవంటిది. నూఱు డాలరుల కంప్యూటరును పేదబాలుర కందఱకు నిత్తుమని నెగ్రొపాంటిగారు 2005లో జాటిరి. 2007 నాటికి దాని వెల సుమారు 188 డాలరు లయ్యెను. పెరూదేశపు పల్లె బడులలో జరిపిన పరిశీలన 2012లో వెలువడగా, లెక్కలయందును భాషయందును బిల్లలకు వృద్ధి కానరాలేదని తేలెను. చెప్పువారు లేనిచో, వెలుగు పలకయు వట్టి పలకయే కదా!

మన కేంద్రప్రభుత్వమువారు 2001లో నా విద్యాలయముతో గలసి మీడియా ల్యాబు ఆసియాను నెలకొల్పిరి. 2003లోనే యా పొత్తు విడిపోయెను. సంస్థ నిలిచి, 2017లో డిజిటల్ ఇండియా కార్పొరేషనని పేరు మార్చుకొనెను. దీనికి భిన్నముగ, 1998లో వెలసిన హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భాషాశాస్త్రజ్ఞులును కంప్యూటరు శాస్త్రజ్ఞులును గూడి, తెలుగు హిందీ మొదలగు భాషల నడుమ యంత్రానువాదమునకై కృషి చేసిరి. సమస్య మన యింటిది గనుక విద్యలు గలియుటకు గారణము నింటనే దొరకెను.

మా నడికుడిలో మాచర్ల దారియు, సికింద్రాబాదు దారియు గలియును. దారులు గలసినంతనే బాటసారి యిల్లు చేరడు. శాస్త్రముల కూడలియు నట్టిదే. ఈ ప్రాంతమున సున్నపురాయి విస్తారము. పిడుగురాళ్ల బట్టీలయొద్ద కూలీల కన్నులలోను, ఊపిరిలోను సున్నపుధూళి చొచ్చును. మిరపకల్లములలో దాలుకాయ లేరు స్త్రీల చేతులు రాత్రియు మండుచుండును. వీరికి దగిన ముసుగును, చేతితొడుగును గల్పించుటకు యంత్రజ్ఞుడు, వైద్యుడు, శిల్పి ముగ్గురును గావలెను. నాలవవారుగా నా కూలియు గావలెను. ఎండలో నూపిరాడని ముసుగు నామె గడియలో దీసి పాఱవైచును. ఏ కొలతబద్దయు జెప్పని యా సంగతి నామె చెప్పును. ఆమెను బిలువని ప్రయోగశాల యెన్ని శాస్త్రములను గలిపినను అసంపూర్ణమే.

నరసరావుపేట ఇంజనీరింగు కళాశాలలకు నీ బట్టీలు దూరము గావు. మన బిడ్డలు సెలవులకు వచ్చినప్పుడు మార్కుల నడిగి యూరకుండక, "మీరు చేసిన వస్తువు నెవరు వాడుచున్నారు?" అనియు నడుగుదము. ఆ ప్రశ్నకు జంకని విద్యయే విద్య.