ఎస్కేప్ ఎవరు చెయ్యాలి?

మస్కట్‌లో కాంట్రాక్టింగ్ కంపెనీల హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్లకు జీతాల లెక్కలకన్నా స్కాన్లతోనే పని ఎక్కువ. పాస్‌పోర్టు పేజీలు, వీసా, రెండు వైపులా రెసిడెంట్ కార్డు, ఫోటో. నిజామాబాద్ నుంచి వచ్చిన తాపీమేస్త్రీకైనా, కోనసీమ నుంచి వచ్చిన డ్రైవరుకైనా ఆఫీసులో మొదట తెరిచే ఖాతా ఇదే. కార్డు రెన్యువల్‌కు మందూబ్ (ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసే కంపెనీ మనిషి) కూర్చున్నప్పుడు ఆ ఫోటో తెరుచుకోకపోతే మనిషిని మళ్లీ రప్పించాలి. అతను పనిచేసే సైటు దుఖ్మ్‌లో ఉంటే అది అయిదు వందల కిలోమీటర్ల పైమాటే. అందుకే డేటాబేసులో బైనరీని ఎలా దాస్తున్నామన్నది నాకు చాలా పెద్ద విషయం.

డేటాబేసుతో మనం మాట్లాడేది అక్షరాల్లో. ఎస్‌క్యూఎల్ వాక్యం రాసి, విలువను రెండు కొటేషన్ గుర్తుల మధ్య పెడతాం. ఫోటో బైట్లకు ఆ మర్యాద తెలీదు. వాటిలో 39 అనే బైటు ఉంటే అది కొటేషన్ గుర్తే, వాక్యం అక్కడే తెగిపోతుంది. సున్నా బైటు ఉంటే చాలా ప్రోగ్రాములు మాట అయిపోయిందనుకుని ఆగిపోతాయి. 92 వస్తే బ్యాక్‌స్లాష్, దాని వెనకొచ్చే అక్షరానికి అర్థమే మారిపోవచ్చు. ఇలాంటివాటిని హాని చెయ్యని రూపంలోకి మార్చి పంపడమే ఎస్కేప్ చెయ్యడం. మార్చడం ఎవరికైనా వస్తుంది. ఎక్కడ మార్చాలి, ఎన్నిసార్లు మార్చాలి అన్న దగ్గరే టీములు చెదిరిపోతాయి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో బైనరీకి రెండు రాతలున్నాయి. పాత రాతలో, తెర మీద కనిపించని ప్రతి బైటునూ బ్యాక్‌స్లాష్, దాని వెనక మూడు ఆక్టల్ అంకెలుగా రాస్తారు. జేపెగ్ ఫోటో మొదటి నాలుగు బైట్లు ఇందులో చాలాసార్లు ఇలా కనిపిస్తాయి: \377\330\377\340. కొత్త రాత హెక్స్. ముందు బ్యాక్‌స్లాష్, ఎక్స్, తర్వాత బైటుకు రెండేసి అక్షరాలు. 256 బైట్లలో 161 పాత రాతలో నాలుగేసి అక్షరాలు మింగుతాయి, బ్యాక్‌స్లాష్ రెండు, మిగతా 94 ఒక్కొక్కటి. ఫోటోల్లో బైట్లు దాదాపు సమానంగా పరుచుకుని ఉంటాయి కాబట్టి సగటున ఒక్కో బైటుకు 2.9 అక్షరాలు పడతాయి. హెక్స్‌లో ఎప్పుడూ రెండే.

2010 సెప్టెంబరులో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి సర్వర్ బైనరీని డిఫాల్ట్‌గా హెక్స్‌లో ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి నిర్ణయమే. కానీ సర్వర్ మార్చి క్లయింటు లైబ్రరీ మార్చనిచోట పాత లైబ్రరీకి ఈ రాత అర్థం కాలేదు. బ్యాక్‌స్లాష్ తర్వాత ఆక్టల్ అంకెలు లేవు కాబట్టి ఆ ఒక్క గుర్తునూ వదిలేసి, మిగతాదంతా మామూలు అక్షరాలుగా అప్పజెప్పింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. లక్ష బైట్ల ఫోటో 2,00,001 బైట్లయి వస్తుంది. దాన్ని ఎవరైనా మళ్లీ సేవ్ చేస్తే ఆ చెడిన రూపమే డేటాబేసులో స్థిరపడిపోతుంది. అయితే దీన్ని పట్టుకోవడం తేలిక. పొడవు ఎప్పుడూ బేసి సంఖ్య, మొదటి బైటు 120, అంటే చిన్న ఎక్స్. అసలు జేపెగ్ అయితే మొదటి బైటు 255 ఉంటుంది. ఆ ఎక్స్ తీసేసి మిగతాది హెక్స్‌గా డీకోడ్ చేస్తే ఫోటో చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. ఇది తెలియక వందల ఫైళ్లను మళ్లీ స్కాన్ చేయించేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఎస్కేప్ చేసే హక్కు ఒక్కరికే ఉండాలి, కనెక్షన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లకే. స్క్రీన్ రాసినవాడికీ, రిపోర్టు రాసినవాడికీ ఆ పని వద్దు. బ్యాక్‌స్లాష్‌ను సర్వర్ మామూలు అక్షరంగా చూస్తుందా, ప్రత్యేక గుర్తుగా చూస్తుందా అన్నది సెట్టింగును బట్టి మారుతుంది; మామూలు అక్షరంగా చూడడం 2011లో, 9.1 నుంచే డిఫాల్ట్ అయింది. క్లయింటు ఎన్‌కోడింగు సంగతీ అంతే. ఇవి కనెక్షన్‌ను అడగనిదే తెలియవు. 2006 మేలో బయటపడ్డ భద్రతా లోపాల తర్వాత పోస్ట్‌గ్రెస్ వాళ్లు కనెక్షన్‌ను కూడా తీసుకునే ఎస్కేప్ ఫంక్షన్లను అందుకే ఇచ్చారు.

అంతకన్నా మేలైన దారి, అసలు ఎస్కేప్ చెయ్యకపోవడం. వాక్యంలో విలువ ఉండాల్సిన చోట ఖాళీ వదిలి, బైట్లను పారామీటరుగా విడిగా పంపాలి. అప్పుడు కొటేషన్‌కు తెగేదీ లేదు, రెండుసార్లు ఎస్కేప్ అయ్యేదీ లేదు. కొత్తగా రాసే ప్రతి ప్రోగ్రాములోనూ నేను పట్టుబట్టేది దీనికే.

పారామీటర్లు పనికిరాని చోటు ఒకటుంది. డేటాను స్క్రిప్టుగా రాసి ఒక డేటాబేసు నుంచి ఇంకోదానికి తరలించడం. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్‌లలో ఎక్స్ అక్షరం, కొటేషన్ల మధ్య హెక్స్ రాస్తే అది బైనరీ. అదే రాత పోస్ట్‌గ్రెస్‌లో బిట్ల వరుస అవుతుంది, వేరే రకం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు సున్నా, ఎక్స్‌తో మొదలవ్వాలి. స్క్రిప్టు ఏ డేటాబేసుకు వెళ్తోందో దాని రాతలో రాయాలి, మధ్యలో ఎవరూ తాకకూడదు.

మస్కట్‌లో అరబిక్ పేర్ల వల్ల ఇంకో చిక్కుంది. పాత సాఫ్ట్‌వేర్లు విండోస్-1256 ఎన్‌కోడింగులో మాట్లాడతాయి, సర్వర్ యూటీఎఫ్-8లో. పేర్లుండే టెక్స్ట్ కాలమ్‌ను దారిలో మార్చడం సర్వర్ బాధ్యత, బైనరీ కాలమ్‌ను మాత్రం అది ముట్టుకోదు. స్కాన్‌ను తీసుకెళ్లి టెక్స్ట్ కాలమ్‌లో పెడితే యూటీఎఫ్-8 సర్వర్ తిప్పికొడుతుంది. తిప్పికొట్టడమే మనకు మేలు.

టెస్టింగుకు మనుషుల పాస్‌పోర్టులు వాడడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. 2023 ఫిబ్రవరి నుంచి ఒమన్‌లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అమల్లో ఉంది కూడా. అందుకే టెస్టింగుకు నా దగ్గర మూడు ఫైళ్లున్నాయి. ఒకదానిలో 0 నుంచి 255 దాకా ప్రతి బైటూ ఒక్కసారి ఉంటుంది. రెండోది ఖాళీ ఫైలు, అది నల్‌గా మారకుండా ఖాళీగానే తిరిగి రావాలి. మూడూ అప్లికేషన్ గుండా లోపలికెళ్లి, డంప్ అయి, వేరే సర్వర్‌లో రీస్టోర్ అయ్యాక షా-256 విలువ ఒకటే ఉండాలి. మూడో ఫైలులో అసలు బైట్లే బ్యాక్‌స్లాష్, ఎక్స్‌తో మొదలవుతాయి, తర్వాత హెక్స్ లాంటి అక్షరాలుంటాయి. అది హెక్స్ కాదు, ఫైలే అలా ఉంది. మధ్యలో ఏ పొరైనా తెలివి చూపించి దాన్ని విప్పేస్తే పొడవు సగానికి పడిపోతుంది, ఆ పొర ఏదో వెతికి తీసే దాకా అసలు స్కాన్లు ఎక్కించను.