గాలి రాకమునుపు

తుపాను గడచిన పిదప దానినిగూర్చి వ్రాయువారు మనలో పెక్కుమంది కలరు. కూలిన గోడలు, వేళ్లతో లేచిన కొబ్బరిచెట్లు, ఇసుకలో కూరుకొనిన పడవలు మన పత్రికలలో ఎన్నిసార్లో వర్ణింపబడినవి. కాని హెచ్చరిక వెలువడిన ఘడియకును గాలి తీరమును తాకు ఘడియకును నడుమ, రెండు మూడు దినములకు మించని ఆ స్వల్పవ్యవధిలో, మన తీరగ్రామముల స్త్రీపురుషులు చేయు పనిని, తండ్రి చేతినుండి కొడుకు చేతికి, అత్త నోటినుండి కోడలి చెవికి సంక్రమించుచు వచ్చిన ఆ విద్యను, శ్రద్ధతో గమనించి గౌరవించినవారు అరుదు. కోనసీమలోను, దివిసీమలోను, కాకినాడకు ఎగువనున్న ఉప్పాడ ఒడ్డునను ఆ పనిని చూచిన నాకు అది ఏ శిల్పమునకును తీసిపోవు విద్య కాదనిపించినది.

అల్పపీడనము వాయుగుండమై, గాలివేగము గంటకు 62 కిలోమీటర్లు చేరి తుపానుగా మారినదని విశాఖపట్నపు తుపాను హెచ్చరిక కేంద్రమువారు ప్రకటించుసరికే పల్లెలో పని మొదలై యుండును. రేవులో ఎగురవేయు ప్రమాదసూచికలు పదునొకండు. అందు మూడవది కనబడినప్పుడే పెద్దలు వేటను ఆపించి పడవలవైపు నడతురు. “ముందు ఇంజను దింపండ్రా, పడవ సంగతి తరవాత” అని ఒక వృద్ధుడు కుర్రవాండ్రను తొందరపెట్టుట వింటిని. అప్పుచేసి కొనిన యంత్రము, ఆ తరువాత వలలు, ఆ పిమ్మటనే పడవ. అది అచ్చటి క్రమము. చిన్న ఫైబరు పడవను పదిమంది కలిసి ఇసుకదిబ్బ వెనుకకు లాగి, తేలికదైన ఆ పడవ గాలికి ఎగిరి పొరలకుండ లోపల ఇసుక నింపుదురు. అట్లు లాగుటకు శక్యముకాని పెద్ద మరపడవలను మొగ దాటించి, ఉప్పుటేటి పాయలలో మడచెట్ల మాటునకు చేర్తురు.

కట్టుటయందే అసలైన నేర్పు కలదు. తెలియనివాడు పడవను బిగించి కట్టును, తెలిసినవాడు వదులుంచి కట్టును. ఏలయన, ఉప్పెన నీరు పాయలోనికి ఎగదన్నినప్పుడు పడవ నీటితోకూడ లేవవలెను, లేవనీయని మోకు పడవ ముక్కునే నీటిలోనికి లాగి ముంచును. ఒక పడవకు ఇంకొక పడవ రాచుకొని పగులకుండ నడుమ పాత టైర్లు వ్రేలాడదీయుదురు. మోకులను ఒకవైపు మాత్రమే వేయరు, నాలుగు దిక్కులకు వేయుదురు. గాలి ఉత్తరమునుండి వీచుచున్నదిగదా, దక్షిణపు మోకు వలన ప్రయోజనమేమని నేనడుగగా ఆ వృద్ధుడు, “గాలి తిరగబడుద్ది బాబూ, అప్పుడు ఆ మోకే మోస్తుంది” అనెను. మన అర్ధగోళమున తుపాను గాలి అపసవ్యముగా తిరుగును. కనుక పడమటగా వచ్చు తుపాను కేంద్రము ఏ ఊరి మీదుగా పోవునో ఆ ఊరికి మొదట ఉత్తరపు గాలి, పిదప కొంతసేపు నిశ్శబ్దము, ఆ మీదట దక్షిణపు గాలి తప్పవు. ఆ మధ్యవిరామమును తుపాను ముగిసినదనుకొని వెలుపలికి వచ్చి పడవను చూడబోయినవారికి ఎదురగు ఆపద ఎంత దారుణమో ఆ ఊళ్లలో చిన్నపిల్లలకుకూడ తెలియును. గ్రంథములు పటములు గీసి చెప్పు విషయమును ఆ వృద్ధుడు ఒక్క మోకుతో చెప్పెను.

ఇంటి సంగతి వేరు. గాలి ఇంటిని త్రోసి పడగొట్టునని మనము సామాన్యముగా తలంతుము. నిజమునకది కప్పును పైకి ఎగదీయును, అందును అంచులను మూలలను ముందుగా పట్టును. గంటకు 90 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరుపై కలిగించు ఒత్తిడి సుమారు 38 కిలోలు కాగా, వేగము రెట్టింపై 180 కాగానే అది నాలుగింతలై 150 కిలోలను దాటును. కావుననే అనుభవజ్ఞులు తాటాకు కప్పుపై పాత వలను పరచి, దాని కొసలను చూరు క్రిందుగా తెచ్చి గుంజలకు కట్టుదురు. ఉత్తరాంధ్రలోని చుట్టిల్లు, మూలలు లేని గుండ్రని మట్టిగోడతోను, వంగి దూరవలసినంత క్రిందికి దిగిన చూరుతోను, గాలికి పట్టు చిక్కకుండ కట్టబడినది. దానిని కట్టినవారిని నిరక్షరాస్యులని పిలుచుటకు నాకు మనసొప్పదు. దానికి బదులుగా మనము తెచ్చుకొనిన రేకుల కప్పు, అంచులలో కొక్కెపు బోల్టులు దగ్గరదగ్గరగా బిగింపనిచో, ఇంటివానికేగాక వీథిని పోవువానికిని ప్రాణాంతకము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన నాడు ఆ నగరవాసులకిది తెలిసివచ్చినది.

ఇంతలో ఇల్లాలు బిందెలలో మంచినీరు నింపి మూతలు పెట్టును. బియ్యము, అగ్గిపెట్టె, రేషను కార్డు, పొలము పాసుపుస్తకము ప్లాస్టిక్ సంచులలో మూటగట్టి అటుకమీద పెట్టకుండ చంకన పెట్టుకొనును. అన్నిటిని కట్టుచున్న ఆ వేళ ఒక్క పశువులను మాత్రము పలుపులు విప్పి వదలుదురు. కట్టుగొయ్యకు బంధింపబడిన గోవు నీటికి బలియగును. విడిచినది ఈది మెరక చేరవచ్చును. ఆ పలుపు విప్పు చేతులయందు నాకు కనబడిన వివేకము మరెక్కడను కనబడలేదు.

ఇంత నేర్పును సముద్రము లోనికి వచ్చినప్పుడు నిలువదు. 1864లో బందరును ముంచిన ఉప్పెన వేలాది ప్రాణములను హరించెను. 1977 నవంబరు 19న తుపాను కేంద్రము చీరాల వైపున తీరము దాటగా, దానికి కుడిప్రక్కనున్న దివిసీమపై గాలి సముద్రమును సుమారు అయిదు మీటర్ల ఎత్తున త్రోసికొని వచ్చెను. పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 1990 మే నెలలో అంతటి ఉగ్రమైన తుపానే కృష్ణా ముఖద్వారమున తాకినను, లక్షలాది ప్రజలను ముందుగా తరలించినందున మృతుల సంఖ్య వేయికి లోబడినది. ఇల్లు సిద్ధపరచుట ఇంటిలో ఉండుటకు గాదు, ఇల్లు విడిచి పోవుటకే యని ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవాడెవ్వడును కాదనలేడు.

అయినను పడవ యజమాని కదలడు. స్త్రీలును పిల్లలును తుపాను ఆశ్రయభవనము చేరిన పిదపకూడ అతడు పాయ గట్టున మోకును చూచుచు నిలుచును, ఏలయన పడవ పోయిన అతనికి మిగులునది అప్పు మాత్రమే, బీమా చేయించుకొనినవారు కొలదిమంది. అతని మొండితనమును నిందించుట సులభము. అతని పడవకు ఆశ్రయము చూపుట మన బాధ్యత, ఆ బాధ్యతను మనము నెరవేర్చలేదని నా నిశ్చితాభిప్రాయము. మొగలు ఇసుకతో పూడిపోయి పడవ పాయలోనికి పోజాలని ఊళ్లు మన తీరమున నేటికిని కలవు. మడచెట్లు నరికి చెరువులు త్రవ్విన చోట్ల మోకు చుట్టుటకు మొదలైనను లేదు. ప్రాణములను కాపాడుటకు చేసిన ప్రయత్నములో సగమైనను జీవనోపాధిని కాపాడుటకు ప్రభుత్వము చేయవలెను: మొగల పూడిక తీయించవలెను, మడలను పెంచవలెను, ప్రతి పడవకును మంచి మోకులు, బీమా సమకూర్చవలెను.

తీరమున నివసించు పాఠకులారా, అక్టోబరు రాకమునుపే చిరిగిన మోకులు మార్చుడు, కప్పు అంచులు బిగించుడు, పడవ చేరవలసిన పాయను ఒకసారి లోతు కొలిచి చూచుకొనుడు. గాలి లేచిన నాడు పడవను కట్టి, పశువును విప్పి, దయచేసి వెనుకకు చూడక మెరకకు నడవుడు.